ఒకే దొడ్లో గుర్రాలు, బర్రెలు, మేకలు, కోళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది వికారాబాద్ వైపు రెండెకరాల పైచిలుకు ఎర్రనేల. రెండు గుర్రాలు, రెండు బర్రెలు, కొన్ని మేకలు, నాటుకోళ్లు, ఒక కుక్క ఉన్నాయి. దారిన పోతూ ఆగినవాళ్లు, ఎవరి దగ్గరో నంబర్ తీసుకుని ఫోన్ చేసినవాళ్లు అడిగేవి దాదాపు ఇవే. జవాబులకు ముందు ఒక మాట. పశువుల గురించి మన పల్లెల్లో ఉన్న తెలివి చాలా గొప్పది, కానీ అది నెమరు వేసే పశువుల మీద వచ్చిన తెలివి. గుర్రం నెమరు వేయదు, తిన్నది కక్కడం దానికి చేతకాదు, దాని కడుపు చిన్నది. బర్రెకు మంచి చేసేది గుర్రాన్ని చంపొచ్చు. కింద రాసినదాంట్లో సగం దీని చుట్టూనే తిరుగుతుంది.

గుర్రం పెంచాలంటే ఎంత స్థలం కావాలి?

తిరగడానికి వేరు, మేపడానికి వేరు లెక్క వేసుకోండి. తిరగడానికి అర ఎకరం ఉంటే రెండు గుర్రాలు హాయిగా ఉంటాయి. కానీ ఆ అర ఎకరంలో మొలిచే గడ్డితో వాటి కడుపు నిండదు, మన దగ్గర సంక్రాంతి దాటాక బీళ్లలో మేయడానికి ఏమీ మిగలదు. కాబట్టి మేత కొనాలి, లేదా నీళ్లున్న మడిలో పెంచుకోవాలి. 400 కిలోల గుర్రం రోజుకు దాదాపు 8 కిలోల ఎండు మేత తింటుంది, అంటే ఒక్కదానికే ఏడాదికి మూడు టన్నులకు దగ్గర. అందుకే స్థలం గురించి అడిగినవాళ్లను నేను ముందు అడిగేది, ఈ మూడు టన్నులు వాన తగలకుండా ఎక్కడ పెడతారు అని.

కొట్టం ఒక్కో గుర్రానికి 12 అడుగులు పొడవు, 12 అడుగులు వెడల్పు ఉండాలి, పైకప్పు తల ఎత్తినా తగలనంత ఎత్తులో ఉండాలి. రేకులు వేస్తే పైన తాటాకో, వరిగడ్డో పరచండి, లేకపోతే ఏప్రిల్‌లో లోపల నిలబడలేం. ముళ్ల తీగ కంచె మాత్రం వద్దు. బర్రె ముళ్లు తగలగానే ఆగిపోతుంది, గుర్రం భయపడితే ఆగదు, తీగలో కాలు ఇరుక్కుంటే లాక్కుని చర్మం, నరం అన్నీ తెంపుకుంటుంది. జామాయిల్ కర్రలో, ఇనుప పైపులో అడ్డంగా మూడు వరసలు కట్టండి. కొంచెం ఖర్చే, కానీ ఇక్కడ పొదుపు చేయొద్దు.

ఒక్క గుర్రం చాలదా?

చాలదు. గుర్రం మందలో బతికే జంతువు. ఒంటరిగా కడితే కొట్టంలో అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది, తలుపు కొరుకుతుంది, గాలి మింగుతుంది. రెండోది కొనలేకపోతే గాడిదనో, మేకనో తోడు పెట్టండి. మేకతో గుర్రానికి బాగా కుదురుతుంది, మా పెద్ద గుర్రం పక్కన ఒక మేక పడుకుంటే తప్ప రాత్రి నెమ్మదించదు. అయినా నా అభిప్రాయం మారదు, గుర్రానికి సరైన తోడు ఇంకో గుర్రమే.

రోజంతా ఏం పని ఉంటుంది? ఉద్యోగం చేస్తూ చేయగలమా?

ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు ఖాయంగా పోతాయి, మధ్యాహ్నం ఎవరో ఒకరు నీళ్లు చూడాలి. ఇంట్లో ఇంకొకరి సాయం ఉంటే ఉద్యోగం చేస్తూ కుదురుతుంది, ఒక్కరే అయితే కష్టం.

మా దగ్గర తెల్లవారుజామున ఐదింటికి మొదలు. మేత చేతిలోకి తీసుకోకముందు ఊరికే ఒక నిమిషం నిలబడి చూస్తాను. ఏది పడుకుని ఉంది, ఏది ఒక కాలు ఎత్తి పట్టింది, రాత్రి వేసిన గడ్డి మిగిలిందా, తొట్టిలో నీళ్లు ఎంత తగ్గాయి, లద్దెలు ఎన్ని పడ్డాయి, గట్టిగా ఉన్నాయా పలచగా ఉన్నాయా. ఆరోగ్యంగా ఉన్న గుర్రం రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు లద్దె వేస్తుంది. తెల్లారేసరికి కొట్టంలో ఒక్కటో రెండో ఉన్నాయంటే టెన్షన్ పడాల్సిందే. జబ్బు ఏదైనా ముందు ఇక్కడే తెలుస్తుంది, డాక్టర్ ఫోన్‌లో అడిగే మొదటి ప్రశ్న కూడా లద్దె గురించే.

తర్వాత గుర్రాలకు ఎండు గడ్డి వేస్తాం. మనిషి కడుపులో తిన్నప్పుడు ఆమ్లం ఎక్కువ ఊరుతుంది, గుర్రం కడుపులో తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది, అందుకని గంటల తరబడి ఖాళీ కడుపుతో ఉంచితే పుండ్లు పడతాయి. గడ్డి నములుతుండగానే బర్రెల పాలు పితకడం అయిపోతుంది. బర్రెకు వేళ ముఖ్యం, రోజూ ఐదున్నరకు పితికేదాన్ని ఏడింటికి పితికితే చేపు సరిగా రాదు. కోళ్ల గూడు తెరవడం, గుడ్లు ఏరడం పిల్లల పని. మేకల్ని మాత్రం మంచు ఆరాకే బయటికి వదులుతాం, తడి గడ్డి కొసల మీదే పురుగుల పిల్లలు ఎక్కువ ఉంటాయి.

ఆ తర్వాత గుర్రాల ఒళ్లు గొరపంతో తోమడం, నాలుగు గిట్టలు ఎత్తి లోపల ఇరుక్కున్న రాళ్లు, లద్దె తీసేయడం. ఇది రోజూ చేయాలి, ఎక్కినా ఎక్కకపోయినా. తోమేటప్పుడు చెయ్యి ఒళ్లంతా తిరుగుతుంది కాబట్టి వాపు, వేడి, పిడుదు, చిన్న గాయం ఏదున్నా దొరుకుతుంది. లద్దె ఎత్తి కుప్పలో వేయడం, తొట్లు కడగడం. సాయంత్రం నాలుగింటి నుంచి ఇదే వరస మళ్లీ. రాత్రి తొమ్మిదిన్నరకు ఆఖరి గడ్డి వేసి, నీళ్లు చూసి పడుకుంటాం.

బర్రెలకు పెట్టే మేతే గుర్రానికి పెట్టొచ్చా?

అందరూ అడిగేది ఇదే, ఎక్కువ గుర్రాలు పాడయ్యేది కూడా ఇక్కడే. ఒక్కొక్కటి చెప్తాను.

గరిక అన్నిటికంటే మంచిది. దొరికినంత పెట్టండి, మట్టి దులిపి. ఎండు జొన్న చొప్ప చిన్న ముక్కలుగా కొట్టి పెట్టొచ్చు, వేరుశనగ కట్టె బూజు లేకపోతే కొంచెం కలపొచ్చు. లూసర్న్ చాలా బలమైన మేత, అందుకే కొద్దికొద్దిగా కలపాలి.

వరిగడ్డి ఒక్కటే పెట్టి గుర్రాన్ని పెంచలేం. బర్రె పొట్టలోని సూక్ష్మజీవులు దాన్నుంచి ఏదో ఒక బలం లాగుతాయి, గుర్రానికి అంత రాదు, పైగా నీళ్లు తక్కువ తాగిన రోజున పేగులో గడ్డకట్టి అడ్డం పడుతుంది.

సూపర్ నేపియర్ గురించి చాలామంది ఆశగా అడుగుతారు, ఎందుకంటే ఒకసారి నాటితే కోసినకొద్దీ వస్తుంది. బర్రెలకు నిజంగా వరం. గుర్రానికి మాత్రం అదే ప్రధాన మేత కాకూడదు. ఆ జాతి గడ్డుల్లో ఆక్సలేట్లు ఉంటాయి, అవి కాల్షియాన్ని పట్టేసి ఒంటికి అందనివ్వవు. నెమరు వేసే పశువుల పొట్టలో ఆక్సలేట్లు విరిగిపోతాయి, గుర్రంలో అలా జరగదు. దీనికి తోడు తవుడు పెట్టారంటే ఇంకా నష్టం, ఎందుకంటే తవుడులో కాల్షియం కంటే ఫాస్ఫరస్ పది రెట్లకు పైనే ఉంటుంది. కాల్షియం చాలక ఒళ్లు ఎముకల్లోంచి తీసుకోవడం మొదలుపెడుతుంది, నెలలు గడిచేసరికి గుర్రం కుంటుతుంది, ముఖం ఎముకలు రెండు పక్కలా ఉబ్బుతాయి, నమలలేకపోతుంది. నేపియర్ పక్కన తవుడు గంప పెట్టి 'బాగా చూసుకుంటున్నాం సార్' అనేవాళ్లు ప్రేమతోనే పెడతారు, ఎవరూ చెప్పకపోవడం వల్ల జరిగే నష్టం ఇది.

కుడితి అసలే వద్దు. అన్నం, గంజి, మిగిలిన ఇడ్లీ పిండి, పెళ్లి భోజనం మిగులు, ఇవన్నీ పులిసే పిండి పదార్థం. గుర్రం కడుపు దాటి పెద్ద పేగులోకి వెళ్లి అక్కడ పులిస్తే కడుపునొప్పి వస్తుంది, లేదా గిట్టల లోపల వాపు వచ్చి జన్మంతా కుంటుతుంది. గింజల దాణా కూడా ఒక పూటకు రెండు కిలోలు దాటొద్దు, పనిలేని గుర్రానికి అంత కూడా అక్కర్లేదు. దాణా గదికి గుర్రం మూతితో తీయలేని గొళ్లెం పెట్టండి.

ఏ మేతనైనా మార్చాలంటే వారం పది రోజులు పట్టి కొంచెం కొంచెంగా మార్చండి.

మరి ఉలవలు?

పెట్టొచ్చు, మన దగ్గర గుర్రాలకు, ఎద్దులకు తరతరాలుగా పెడుతున్నదే. కానీ ఉడకబెట్టి, చల్లార్చి, కొలత ప్రకారం. పచ్చి ఉలవలు సరిగా అరగవు. పని చేసే గుర్రానికి దోసెడు రెండు దోసెళ్లు చాలు. ఉడికించిన నీళ్లు పారబోయకండి, ఇంట్లో ఉలవచారుకు పనికొస్తాయి.

గుర్రం కోళ్ల దాణా కొంచెం తింది, ఏమైనా అవుతుందా?

అవుతుంది. ఈ ఒక్క జవాబు గుర్తుంటే మిగతావి మర్చిపోయినా పర్వాలేదు. బ్రాయిలర్ దాణాలో కోళ్లకు వచ్చే రక్త విరేచనాల జబ్బు రాకుండా మోనెన్సిన్, సాలినోమైసిన్ లాంటి మందులు కలుపుతారు. కోడి తన బరువులో కిలోకు 200 మిల్లీగ్రాముల దాకా తట్టుకునే మోనెన్సిన్, గుర్రాన్ని కిలోకు రెండు మూడు మిల్లీగ్రాములకే చంపుతుంది. గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది. విరుగుడు మందు లేదు. మేత మానేయడం, చెమటలు, వెనక కాళ్లు తూలడం కనిపించేసరికే ఆలస్యం అయిపోయి ఉంటుంది, బతికినా గుండె బలహీనంగానే మిగులుతుంది.

లేయర్ దాణాలో సాధారణంగా ఈ మందు ఉండదు, కానీ ఒకే మిల్లులో రెండూ ఆడిస్తారు కాబట్టి దాన్ని కూడా నమ్మొద్దు. పశువుల మినరల్ మిక్చర్లలో, దాణాల్లో కూడా మోనెన్సిన్ కలిపినవి ఉంటాయి, సంచి మీద రాసింది చదవండి. మా దగ్గర కోళ్ల దాణా వేరే గదిలో, వేరే రంగు డ్రమ్ములో, వేరే డబ్బాతో తీస్తాం. గూడు దగ్గరికి గుర్రాలు వెళ్లే దారే లేదు. గుర్రం తిందని తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయండి, సంచి దగ్గర పెట్టుకుని దాని మీద పేర్లు చదివి చెప్పండి.

అలాగే గుర్రం మినరల్ మిక్చర్ గొర్రెలకు పెట్టకండి, అందులో ఉండే రాగి గొర్రెకు విషం.

ఏ మొక్కలు ప్రమాదం?

గన్నేరు మొదటిది. పూజకు పూలు కావాలని గేటు పక్కన నాటుకుంటాం, కొన్ని ఆకులు చాలు గుర్రం గుండె ఆగిపోవడానికి, ఎండిన ఆకు కూడా అంతే విషం. పచ్చ గన్నేరు కూడా వద్దు. కొమ్మలు కత్తిరించి కంచె మీద పడేయడం ఇంకా ప్రమాదం. ఆముదం గింజలు ఏ జంతువుకీ అందకూడదు. సుబాబుల్ మేకలకు మొత్తం మేతలో మూడో వంతు దాటకుండా పెట్టొచ్చు, గుర్రం తింటే జూలు, తోక వెంట్రుకలు రాలిపోతాయి.

జొన్న నాము, అంటే జొన్న పైరులో పుట్టే విషం, గురించి రైతులకు చెప్పక్కర్లేదు. లేత జొన్న, వాన లేక వాడిన పైరు, కోసిన మోడు నుంచి మళ్లీ వచ్చిన పిలకలు బర్రెల్ని, మేకల్ని నిమిషాల్లో పడేస్తాయి. గుర్రానికి వేరే రకంగా చెడు చేస్తుంది, పచ్చి జొన్నలో చాలా రోజులు మేస్తే మూత్రం ఆగక కారుతుంది, వెనక కాళ్లు పట్టు తప్పుతాయి.

కడుపునొప్పి వచ్చిందని ఎలా తెలుస్తుంది? వచ్చాక ఏం చేయాలి?

ముందరి కాలితో నేల గీకడం, తిరిగి తిరిగి డొక్క వైపు చూసుకోవడం, పడుకుని లేవడం, పొర్లడం, పై పెదవి ముడవడం, చెమట, లద్దె ఆగిపోవడం. ఇందులో రెండు కలిసి కనిపించినా ఫోన్ చేయాల్సిందే. డొక్కకు చెవి ఆనించి వినండి, మామూలప్పుడు గుడగుడ శబ్దం వస్తూ ఉంటుంది, నిశ్శబ్దంగా ఉంటే మంచిది కాదు. గుర్రం గుండె విశ్రాంతిలో నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది, 60 దాటితే పరిస్థితి తీవ్రంగా ఉన్నట్టు. ఎడమ మోచేయి వెనక చెయ్యి పెట్టి లెక్కపెట్టడం గుర్రం బాగున్న రోజుల్లోనే నేర్చుకోండి.

డాక్టర్ వచ్చేలోపు మేత అంతా తీసేయండి. నిలబడగలిగితే నెమ్మదిగా కొద్దిసేపు నడిపించండి, అలసిపోయేదాకా తిప్పకండి. ఊళ్లో ఎవరో ఒకరు సీసాతో నూనె తాగించమంటారు, వెదురు గొట్టం తెస్తామంటారు. దయచేసి ఒప్పుకోకండి. నొప్పిలో ఉన్న గుర్రానికి గొంతులో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే, కడుపునొప్పితో బతకాల్సిన జంతువు నిమోనియాతో పోతుంది. నూనె ఇవ్వాల్సి వస్తే డాక్టర్ ముక్కులోంచి కడుపు దాకా గొట్టం వేసి ఇస్తారు. వాంతి చేసుకోవడం గుర్రానికి చేతకాదు కాబట్టి కడుపులో పేరుకున్న గాలి, నీరు బయటికి రావడానికి కూడా ఆ గొట్టమే దారి. నొప్పి తగ్గే ఇంజెక్షన్ కూడా డాక్టర్‌ను అడగకుండా వేయొద్దు.

ఎండాకాలం ఎలా గట్టెక్కిస్తారు?

నీళ్లు, నీడ, ఉప్పు. మామూలు రోజుల్లో 30 నుంచి 40 లీటర్లు తాగే గుర్రం మే నెలలో ఇంకా ఎక్కువ తాగుతుంది, బర్రె అంతకంటే ఎక్కువ. ప్లాస్టిక్ ట్యాంకులో కాగిన నీళ్లు ఏదీ తాగదు, సిమెంటు తొట్టి నీడలో పెట్టండి. గుర్రం చెమటతో ఒంట్లోని ఉప్పు చాలా పోగొట్టుకుంటుంది, అందుకే సైంధవ లవణం గడ్డ ఒకటి ఎప్పుడూ వేలాడుతూ ఉండాలి, దాంతో పాటు రోజూ దాణాలో రెండు చెంచాల మామూలు ఉప్పు కలుపుతాం.

వేడెక్కిన గుర్రం మీద చల్లనీళ్లు పోస్తే పట్టేస్తుందని భయపెడతారు. అందులో నిజం లేదు. వడదెబ్బ తగిలిన గుర్రాన్ని కాపాడేది ఒళ్లంతా ఆగకుండా పోసే నీళ్లే. చెమట పట్టడం ఆగిపోయి, ఒళ్లు కాలుతూ, డొక్కలు ఎగరేస్తుంటే అది ఇంకా ప్రమాదం, కోస్తా ఉక్కపోతలో ఇది ఎక్కువ. బర్రెకు చెమట గ్రంథులు తక్కువ, పైగా నల్ల చర్మం, రోజుకు రెండు సార్లు తడపకపోతే పాలు పడిపోతాయి. కోళ్లు రెక్కలు చాచి నోరు తెరిచి ఉంటే గూటి పైన తడి గోనె కప్పండి.

స్వారీ ఏదైనా ఉదయం ఏడింటిలోపే ముగించండి.

వానాకాలంలో గిట్టలు?

బురదలో, లద్దెలో నిలబడితే గిట్ట కింద మధ్యలో ఉండే మెత్తటి త్రికోణం కుళ్లుతుంది, నల్లటి జిగురు, భరించలేని వాసన. మందు కంటే ముందు పొడి నేల కావాలి. తలుపు దగ్గర, తొట్టి దగ్గర మొరం పోయించండి. పరుపుగా వరి ఊక, రంపపు పొట్టు వాడొచ్చు. ఇసుక మీద పడుకోవడం గుర్రానికి ఇష్టమే, కానీ మేత ఇసుక మీద వేయొద్దు, గడ్డితో పాటు తిన్న ఇసుక పేగులో పేరుకుంటుంది.

గిట్టలు ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి చెక్కించాలి. రోడ్డు మీద తిరగని గుర్రానికి లాడాలు అక్కర్లేదు. లాడాలు కొట్టేవాళ్లు మన పల్లెల్లో తగ్గిపోయారు, హైదరాబాద్‌లో పెళ్లి బరాత్ గుర్రాలు ఉన్న పేటల్లో ఇప్పటికీ నాల్‌బంద్‌లు దొరుకుతారు. గుర్రం కొనకముందే వాళ్లలో ఒకరిని మాట్లాడుకోండి.

ఈగలు, జోరీగలు ఏం చేస్తాయి?

జోరీగ కాటుతో సర్రా అనే జబ్బు వస్తుంది, వానలప్పుడు, వానలు తగ్గాక ఎక్కువ. జ్వరం వస్తూ పోతూ ఉంటుంది, తింటున్నా చిక్కిపోతుంది, కాళ్లకు, పొట్ట కింద నీరు దిగుతుంది, కళ్ల లోపల పాలిపోతుంది. అన్ని జంతువులూ కలిసి ఉండే దొడ్లో తెలుసుకోవాల్సిందేంటంటే, బర్రెల్లో ఈ క్రిమి పెద్దగా లక్షణాలు లేకుండా ఉండిపోగలదు, అక్కడ కుట్టిన జోరీగ గుర్రాన్ని కుడితే గుర్రం పడిపోతుంది. కుక్కలకూ వస్తుంది. వచ్చిపోయే జ్వరం కనిపిస్తే రక్త పరీక్ష చేయించండి, మందు ఉంది, తొందరగా పట్టుకుంటే లేస్తుంది.

లద్దె రోజూ ఎత్తడం, నీళ్లు నిలవనివ్వకపోవడం, సాయంత్రం వేపాకు పొగ, ముఖానికి ఈగల వల, మేం చేసేవి ఇవే.

టీకాలు ఎవరికి ఏవి?

గుర్రాలకు ధనుర్వాతం, రేబిస్ ఏటా తప్పనిసరి. ధనుర్వాతం క్రిమి మట్టిలో, లద్దెలో ఉంటుంది, గిట్టలో దిగిన మేకు చాలు, జంతువుల్లో దీనికి అందరికంటే తొందరగా లొంగేది గుర్రమే. గుర్రాల ఫ్లూ టీకా నలుగురి గుర్రాలతో కలిసే వాటికి అవసరం.

గాలికుంటు గుర్రాలకు రాదు, బర్రెలకు, మేకలకు వస్తుంది, ప్రభుత్వం ఉచితంగా వేసే టీకా వదులుకోకండి. మేకలకు పీపీఆర్ అనే అంటువ్యాధికి, చిటుక రోగానికి టీకాలు. కోళ్లకు కొక్కెర తెగులు టీకా, పిల్లగా ఉన్నప్పుడు లసోటా చుక్క, ఎనిమిదో వారంలో ఇంజెక్షన్. కోళ్ల టీకా వేయించనివాళ్లు ఒక్క వారంలో గూడంతా ఖాళీ చేసుకున్నవి మా చుట్టుపక్కల చాలా ఉన్నాయి. కుక్కకు రేబిస్ టీకా అందరి కోసం.

పశువుల డాక్టర్ గుర్రాన్ని చూస్తారా?

చూస్తారు, కానీ చాలామంది రోజూ చూసేది ఆవులు, బర్రెలు, మేకలనే. ఆంధ్రలో, తెలంగాణలో 1962 నంబర్‌కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది, మొదటి సాయం అందుతుంది. పెద్ద సమస్య అయితే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీల ఆసుపత్రులున్నాయి. గుర్రాలు తెలిసిన డాక్టర్ మీకు ఎంత దూరంలో ఉన్నారు, రాత్రిపూట వస్తారా, గుర్రాన్ని ఎక్కించే వ్యాన్ ఎవరి దగ్గరుంది, ఈ మూడింటికి జవాబు లేకుండా గుర్రం కొనొద్దు.

అన్నీ కలిపి మేపొచ్చా?

పొద్దున బర్రెలు మేసిన చోట సాయంత్రం గుర్రాలు మేయడం మంచిదే. పేగు పురుగులు చాలావరకు ఏ జాతివి ఆ జాతికే అంటుకుంటాయి, గుర్రం పురుగు పిల్లను బర్రె మింగితే అది అక్కడితో చచ్చిపోతుంది. గుర్రం తను లద్దె వేసిన చోట గడ్డి ముట్టదు, బర్రె ఆ గడ్డిని శుభ్రంగా తినేస్తుంది.

కానీ దాణా పెట్టేటప్పుడు ఎవరిది వారికి వేరు. గుర్రం తినేటప్పుడు మేక దూరితే తన్ను తింటుంది, చిన్న పిల్లయితే బతకదు. కోళ్లు లద్దె చెదరగొట్టి ఈగ పురుగుల్ని ఏరుకుని తినడం బాగానే ఉంటుంది, మేత తొట్టి అంచు మీద పడుకుని రెట్ట వేయడం బాగుండదు, సాయంత్రం గూట్లోకి తోలి మూసేయండి. ఎలాగూ ముంగిసల భయం ఉంది.

జాతుల గురించి అడిగితే, తక్కువ స్థలానికి పుంగనూరు ఆవు మంచి ఎంపిక, గుడ్ల కోసం గ్రామప్రియ, మాంసం గుడ్లు రెండూ కావాలంటే వనరాజా. ఈ రెండు కోళ్లనూ మన రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థే తయారు చేసింది.

లద్దె ఏం చేస్తారు?

ఒక్కో గుర్రం రోజుకు 15 కిలోలకు పైనే వేస్తుంది. పచ్చిగా చెట్లకు వేయొద్దు, వేడికి వేర్లు మాడతాయి. బర్రె పేడ, మేక పెంటికలు, ఊక కలిపి కుప్ప వేసి, తడుపుతూ, తిరగేస్తూ మూడు నాలుగు నెలలు మగ్గనివ్వాలి. సరిగా మగ్గితే లోపల వేడికి పురుగుల గుడ్లు, కలుపు గింజలు చచ్చిపోతాయి. మా మడికి యూరియా సంచి తేవడం చాలావరకు తగ్గింది.

గుర్రం ఎక్కడ కొనాలి? ఏం చూడాలి?

రాజస్థాన్‌లో పుష్కర్ సంత కార్తీకంలో, మహారాష్ట్ర నందూర్‌బార్ జిల్లా సారంగ్‌ఖేడా సంత డిసెంబరులో జరుగుతాయి, మనకు దగ్గర్లో నాందేడ్ జిల్లా మాళేగావ్ జాతర ఉంది. మార్వాడీ, కఠియావాడీ గుర్రాలు మన వేడికి తట్టుకుంటాయి. మలక్‌పేట లాంటి రేసు కోర్సుల నుంచి రిటైరయ్యే గుర్రాలు తక్కువకే వస్తాయని చాలామంది ఉత్సాహపడతారు. అవి పల్చటి చర్మం, చురుకు నరాలు, ఎక్కువ తిండి ఉన్న జాతి, కొత్తవాళ్ల చేతికి తగవు.

సంతలో ధరంతా సుడుల మీద, రంగు మీద, చెవుల వంపు మీద నడుస్తుంది. మీరు కాళ్లు చూడండి. గట్టి నేల మీద నడిపించి, పరిగెత్తించి, తల ఊపుతోందేమో చూడండి. నోరు తెరిచి పళ్లు చూడండి, మీకు తెలియకపోతే తెలిసినవాళ్లను వెంట తీసుకెళ్లండి. గ్లాండర్స్ పరీక్ష కాగితం లేకుండా డబ్బు ఇవ్వొద్దు. అది మనుషులకు కూడా సోకే జబ్బు, గుర్రానికి దీనికి వైద్యం చేయరు, నిర్ధారణ అయితే 2009 నాటి చట్టం ప్రకారం గుర్రాన్ని చంపేయాల్సిందే. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో ఈ పరీక్షలు చేస్తారు. కొత్త గుర్రాన్ని తెచ్చాక మూడు వారాలు మిగతావాటికి దూరంగా, వేరే బకెట్టుతో ఉంచండి.

పెంపకానికి ప్రభుత్వ సాయం ఏమైనా ఉందా?

2024 ఫిబ్రవరిలో కేంద్రం జాతీయ పశుసంపద మిషన్‌లోకి గుర్రాలు, గాడిదలు, కంచర గాడిదలు, ఒంటెల పెంపకాన్ని కూడా చేర్చింది, పెట్టుబడిలో 50 శాతం, గరిష్ఠంగా 50 లక్షల దాకా సబ్సిడీ. ఇది వ్యాపారంగా పెంచేవాళ్ల కోసం, ఇంటి దగ్గర రెండు గుర్రాలు ఉంచుకునేవాళ్లకు వర్తించదు.

పిల్లల్ని ఎక్కించొచ్చా?

పెద్దవాళ్లు తాడు పట్టుకుని, తలకు హెల్మెట్ పెట్టి. గుర్రం నాలుగేళ్లు నిండాకే. జీనుతో సహా మోసే బరువు దాని బరువులో ఐదో వంతు దాటకూడదు, 380 కిలోల గుర్రానికి 76 కిలోలు. పెద్దలకు కూడా ఇదే లెక్క. అన్నిటికంటే ముందు పిల్లలకు నేర్పాల్సింది గుర్రం వెనక నుంచి వెళ్లకూడదని, వెళ్తే మాట్లాడుతూ వెళ్లాలని. చూడటానికి వచ్చినవాళ్లు బిస్కెట్లు, రొట్టెలు పెట్టకుండా గేటు దగ్గరే చెప్పేయండి. క్యారెట్ పెట్టాలనిపిస్తే నిలువుగా కోసి పెట్టండి, గుండ్రటి ముక్కలు గొంతులో అడ్డం పడతాయి.

ఊరికి వెళ్లాలంటే ఎలా?

ఇద్దరూ కలిసి వెళ్లడం మాకు కుదరదు, పెళ్లయినా చావయినా ఒకరు ఉండిపోతాం. తప్పనిసరి అయితే పక్క పొలం మామయ్య వస్తారు, ఆయనకు బర్రెలు కొట్టిన పిండి, అందుకే గుర్రాల గురించి మాత్రం దాణా గది తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాం. ఎవరికి ఏ డబ్బాతో ఎంత, కుడితి వద్దు, తవుడు వద్దు, కోళ్ల డ్రమ్ము ముట్టొద్దు, లద్దె తగ్గితే డాక్టర్‌కు ఫోన్, ఆ నంబర్ కింద. వెళ్లే ముందు రోజు ఆయనతో ఒక పూట పనంతా చేయించి చూస్తాం, గడ్డి కూడా పూటకు ఒక మోపు చొప్పున ముందే కట్టి పెట్టేస్తాం.